తొమ్మిది రోజులు ఆరాల్సిన పడవ

విశాఖపట్నం వెళ్లొచ్చానని తెలియగానే మా స్కూలు టీచర్లందరూ చుట్టూ మూగారు. ఓడలు చూశావా, సింహాచలం వెళ్లావా, కొత్తగా కడుతున్న స్టీలు ప్లాంటు ఎంత ఉందీ అని ఊపిరాడనివ్వకుండా అడిగారు. ఓడలు చూశాను, దూరం నుంచి. సింహాచలం వెళ్లలేదు. స్టీలు ప్లాంటు ఎంత ఉందో కొలిచే ఓపిక నాకు లేదు. నేను వెళ్లింది ఒక పడవను పాడుచేసినందుకు క్షమాపణ చెప్పడానికి. పాడుచేసింది నేను కాదు, మా అన్నయ్య. ఆయన పోయి ఏడాది దాటింది కాబట్టి ఆ పని నా మీద పడింది.

అన్నయ్య మా తణుకు వదిలి, పోర్టు పక్కన ఒక కలప డిపోలో గుమాస్తాగా చేరి ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నాడు. పగలు దుంగల లెక్క రాసేవాడు. సాయంత్రమైతే పెరట్లో పొయ్యి వెలిగించి జిగుర్లు కాచేవాడు. అంత పెద్ద చెట్టును కొట్టి, కోసి, సగం పొట్టు చేసి కాలవలో పారేస్తున్నారే అన్నది ఆయన బాధ. ఆ రంపపు పొట్టును చింతపిక్కల జిగురుతో కలిపి అచ్చుపోసి పలకలు చేశాడు. పలాస నుంచి డబ్బాల్లో జీడితొక్కల నూనె తెప్పించి, కాచి, అందులో ఏవేవో కలిపి, మళ్లీ కాచి ఒక పూత తయారుచేశాడు. అది రాస్తే చెక్క ఉప్పునీళ్లలో కూడా కుళ్లదు, పదేళ్లకు కొట్టాల్సిన చెట్టు ఇరవై ఏళ్లదాకా బతుకుతుంది అనేవాడు. నాకు సైన్సు రాదు. నేను పిల్లలకి డ్రాయింగు చెప్పేదాన్ని. నాకు తెలిసిందల్లా మా అన్నయ్య జీతం పొయ్యిలోకి పోతోందని.

నిడదవోలు దాటాక

చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, భుజాన సంచీ. పూతరేకులు పట్టుకుని రైల్లో ప్రయాణం చేయకూడదని మా అమ్మ చెప్పేది. వినే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

రాజమండ్రిలో ఎక్కిన ఒకాయన నా ఎదుట కూర్చున్నాడు. ఆయన సామాను చూస్తే నవ్వొచ్చింది. ప్లాస్టిక్ మగ్గులూ బకెట్లూ తాడుకి గుచ్చి దండలా తెచ్చాడు. ఎరుపు, పచ్చ, నీలం. రైలు పెట్టెలో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఒకటి అంటగట్టాలని ఆయన పంతం. ఇది తుప్పు పట్టదు, చెద పట్టదు, కుళ్లదు అన్నాడు. మరి విరిగితే ఏం చేస్తారని అడిగాను. పారేయడమే అన్నాడు. పారేస్తే ఏమవుతుంది అన్నాను. "ఏమీ అవదండీ. ఎక్కడ పారేస్తే అక్కడే పడుంటుంది, మీ మనవలు వచ్చినా ఉంటుంది" అని గొప్పగా నవ్వాడు. అన్నయ్య కూడా అచ్చం ఇదే మాట అనేవాడు, కాకపోతే భయపడుతూ అనేవాడు. ఆ సంగతి ఈయనకి ఎలా చెప్పను? వాదించే ఓపిక లేక మూడు రూపాయలిచ్చి ఒక నీలం మగ్గు కొన్నాను. తుని రాకముందే ఎవరో దాని మీద కాలేసి పిడి విరగ్గొట్టారు.

అనకాపల్లిలో రైలు ఆగగానే బెల్లం వాసన కిటికీలోంచి వచ్చింది. మా వైపు బెల్లం కంటే నల్లగా ఉంది, తీపి గట్టిగా ఉంది. చిన్న దిమ్మ ఒకటి వదిన కోసం కొన్నాను. విరిగిన మగ్గులో బెల్లం పెట్టుకుని దువ్వాడలో దిగాను.

దువ్వాడ

అన్నయ్య పోయాక వదిన డిపో వాళ్లిచ్చిన ఇల్లు ఖాళీ చేసి దువ్వాడలో ఒక గది అద్దెకు తీసుకుంది. కుట్టుపని చేస్తుంది, నలుగురు పిల్లలకి నేర్పుతుంది. స్టేషన్ నుంచి ఆ గదికి వెళ్లే దారి పొడుగునా సగం కట్టిన ఇళ్లే. ఎవరింటి ముందు చూసినా ఇసుక కుప్ప, ఇటుకల వరస. పంపు దగ్గర బిందెల కోసం పోట్లాడుకుంటున్న ఆడవాళ్ల మాటలు వింటే మా తణుకు సంతలో ఉన్నట్టే ఉంది. స్టీలు ప్లాంటు పనులకని గోదావరి జిల్లాల వాళ్లు అంతమంది వచ్చేశారు. పోట్లాట మాత్రం ఎక్కడికి వెళ్లినా మనతోనే వస్తుంది.

వదిన నాకు పీట వేసింది. అన్నయ్య రంపపు పొట్టుతో చేసిన పీట అది. పన్నెండేళ్లయినా అంచు రాలలేదు. దాని మీద కూర్చుని ముద్దపప్పు, వంకాయ కూర తింటుంటే అన్నయ్య చేతులు గుర్తొచ్చాయి. జీడితొక్కల నూనె చేతికి తగిలితే పొక్కులు లేస్తాయి, తోలు ఊడుతుంది. ఆయన చేతులు ఎప్పుడూ అలాగే ఉండేవి. కారం తగిలితే మంటని ఏళ్ల తరబడి వదినే అన్నం కలిపి ఆయన నోట్లో పెట్టేది. ఒకసారి పండక్కి వెళ్లినప్పుడు అది చూసి, మీసాలొచ్చిన పసిపిల్లాడు అని నేను ఎగతాళి చేశాను. ఇద్దరూ నవ్వారు. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తోంది.

భోజనం అయ్యాక వదిన ట్రంకు పెట్టెలోంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసి నాకిచ్చింది. అన్నయ్య రాసుకున్న లెక్కలన్నీ అందులో ఉన్నాయి. ఎంత నూనె, ఎంతసేపు మంట, ఎన్ని రోజులు ఆరాలి. నాలుగేళ్ల కిందటి పేజీలో, రుషికొండ అవతలి పల్లెలో నూకరాజు పడవకు పూత రాశాను, తొమ్మిది రోజులు గాలి ఎండ తప్ప ఏమీ తగలకూడదని చెప్పి వచ్చాను అని ఉంది. ఆ తర్వాత కొన్ని పేజీలు ఖాళీ. ఆఖరున నాలుగే వాక్యాలు.

"పడవ పాడయింది. తప్పు నా పూతదే. నూకరాజుకి మళ్లీ ముఖం చూపించలేను. సుభద్ర చెప్పినట్టు ఇక చాలిస్తున్నాను."

సుభద్ర అంటే నేనే. ఆ పేజీల మధ్య నా ఇన్‌లాండు ఉత్తరం మడత పెట్టి ఉంది. పడవ పాడయిందని ఆయన రాస్తే నేను రాసిన జవాబు. బీదవాడి నోటి దగ్గర కూడు పడగొట్టావు, ఇకనైనా ఆ పిచ్చి చాలించి వదినని సుఖపెట్టు అని రాశాను. రాసినప్పుడు ఎంత ఘాటుగా రాశానో అని మురిసిపోయాను కూడా. అన్నయ్య ఆ తర్వాత పొయ్యి వెలిగించలేదట. డబ్బాలన్నీ ఎవరికో ఇచ్చేశాడట. రెండేళ్లు డిపోకి వెళ్లడం, రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. ఒకరోజు పని చేస్తూ చేస్తూ కుర్చీలోనే గుండె ఆగి పోయాడు.

"నూకరాజు దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పాలని ఆయనకి ఉండేది సుభద్రా. అడుగు పడలేదు" అంది వదిన. నేను వెళ్తానన్నాను. రమ్మంటే తను రానంది.

పట్నంలో ఒక పూట

పొద్దున్నే గాజువాక మీదుగా బస్సులో పట్నం వెళ్లాను. కిటికీ పక్కన కూర్చున్న పాపానికి ముఖమంతా ఎర్రటి దుమ్ము. ఓడల్లోకి ఎక్కించే ఇనుప రాయి దుమ్మట. ఇక్కడ తెల్ల చీర కట్టుకున్న ఆడది ఒక్కతీ ఎందుకు కనబడలేదో అప్పుడు తెలిసింది. నేను కట్టుకున్నది తెల్ల చీరే.

పోర్టు రోడ్డులో ఒక హోటల్లో ఇడ్లీ తిన్నాను. ఇడ్లీతోపాటు పల్లీ చట్నీ, అల్లం చట్నీ, పైన నెయ్యి కారప్పొడి. సర్వరు ఎంత వేగంగా మాట్లాడాడంటే, ఏటి కావాలమ్మా అన్న ఒక్క ముక్కే నాకు అందింది, మిగతాదంతా గాలికి పోయింది. నేను మళ్లీ మళ్లీ అడుగుతుంటే పక్క బల్ల ఆయన జాలిపడి, నింపాదిగా విడమరిచి చెప్పాడు.

అన్నయ్య పనిచేసిన డిపో గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. లోపల రంపం తిరుగుతూనే ఉంది. గోడ వెనక పొట్టు కుప్ప నా ఎత్తు ఉంది, గాలికి లేచి కాలవలో పడుతోంది. ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు. లోపలికి వెళ్లి ఆయన కుర్చీ చూడాలనుకుని వచ్చాను గాని వెళ్లలేకపోయాను.

రుషికొండ అవతల

భీమిలి వైపు వెళ్లే బస్సు కండక్టరు నన్ను రోడ్డు మీద దింపి, సరుగుడు తోటలోంచి తిన్నగా వెళ్లిపోమన్నాడు. తిన్నగా అంటే మైలున్నర ఇసుక. సగం దారిలో చెప్పు తెగింది. ఒక చేతిలో తెగిన చెప్పు, ఇంకో చేతిలో పూతరేకులు, నోట్లో కండక్టరుకి తిట్లు. అలా వెళ్లాను పల్లెలోకి.

ఒడ్డున పడవలు వరసగా ఉన్నాయి. మా గోదావరి పడవల్లా మేకులు కొట్టినవి కావు. పలకలకి బెజ్జాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేశారు. మనం బొంత కుట్టుకున్నట్టు పడవను కుడతారని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. దగ్గరికి వెళ్లి కుట్టు మీద చెయ్యి వెయ్యబోతే ఒక ముసలావిడ కేకేసింది, చెప్పులతో పడవ దగ్గరికి రాకూడదని. ఒక కాలికే చెప్పు ఉందని చూపించాను. ఒక్కటైనా చెప్పేనంది. న్యాయమే కదా, విప్పేశాను.

నూకరాజు ఇల్లు ఆవిడే చూపించింది. నలభై ఏళ్ల మనిషి, ఎండకి నల్లబడి గట్టిగా ఉన్నాడు. గుమ్మంలో నీలం నైలాను వల బాగుచేసుకుంటున్నాడు. నేను ఫలానా గుమాస్తాగారి చెల్లెలినని చెప్పగానే చేతిలో వల జారిపోయింది. లేచి నిలబడి, బాబుగారు బాగున్నారా అని అడిగాడు. ఆయన పోయాడని చెప్పాను. మళ్లీ కూర్చుండిపోయి చాలాసేపు వల దారాలు వేళ్లకి చుట్టుకుంటూ ఉన్నాడు. అతని భార్య నాకు చాప వేసి మంచినీళ్లిచ్చింది.

నేను రాత్రంతా కూడబలుక్కున్న మాటలు చెప్పేశాను. మా అన్నయ్య పూత వల్ల నీ పడవ కుళ్లిపోయింది, నీ ముఖం చూడలేక రాలేదు, మంచి మనసుతో చేసిన పని చెడిపోయింది, మనసులో ఏమీ పెట్టుకోవద్దు. చెప్పి పూతరేకుల పెట్టె ముందు పెట్టాను. మూత తీస్తే రేకులన్నీ పిండి అయిపోయి ఉన్నాయి. ఎంత అవమానంగా అనిపించిందో. అతని భార్య మాత్రం ఆ పిండినే గిన్నెలోకి ఒంపుకుని, బావుందమ్మా అని తింది.

నూకరాజు తినలేదు. భార్యని అన్నం వండమన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లాక నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"తొమ్మిది రోజులు ఏటీ రాయొద్దన్నారమ్మా బాబుగారు. మూడోనాడు మాయమ్మ సొరనూనె రాసీసినాది."

నాకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. పడవకి కొత్తగా ఏ పని చేసినా, నీళ్లలోకి దించేముందు ఇంటి పెద్ద ఆడది తన చేత్తో సొరచేప నూనె రాస్తుంది. పసిబిడ్డకి నూనె రాయకుండా నీళ్లు పొయ్యం కదా, ఇదీ అంతే. ఆ ఏడు నూకరాజు పక్కవాళ్ల పడవలో సముద్రం మీద ఉండగా అతని తల్లి పోలమ్మ, బిడ్డ పడవ ఎండలో ఎండిపోతోందే అని జాలిపడి, ముక్కు నుంచి వెనక దాకా నూనె రాసేసింది. ఇతను ఒడ్డుకొచ్చి చూసేసరికి పూత మీద నూనె మెరుస్తోంది. తుడిస్తే చేతికి జిగురు అంటుకుంటోంది. పూత ఇక ఆరనేలేదు. ఆరని పూత కింద నీళ్లు చేరి, ఒక్క వానాకాలంలో కుట్ల దగ్గర పలకలు మెత్తబడిపోయాయి.

వానలు వెనకపట్టాక అన్నయ్య వచ్చాడట. పడవ చుట్టూ తిరిగి, గోటితో గీకి, వాసన చూసి, దీనికి ఏమైనా రాశారా అని అడిగాడట. ఒకసారి కాదు, మూడుసార్లు.

"నేదన్నాను" అన్నాడు నూకరాజు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి ప్రాణం పోయేదాకా ఆ మాట దాచావా అని గొంతు పెంచి అడిగాను. మా అన్నయ్య తప్పంతా నాదేనని రాసుకుని పోయాడు, ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. చుట్టుపక్కల వాళ్లు తొంగిచూశారు.  నేను ఆయాసపడి ఆగాక అప్పుడు నూకరాజు అన్నాడు.

"బాబుగారొచ్చిన నాటికి మాయమ్మ పోయి పదకొండోనాడమ్మా. నా పడవ పోనాదంటే పోనాది. సచ్చిపోయినోల్ల మీద ఎలగ సెప్పీది? ఆయన సదూకున్నోరు, ఇంకోటి సేసుకుంటారు గావాల అనుకున్నాను."

 అతనికి సొంత పడవ అదొక్కటే. ఆ ఏడు నుంచి వేరేవాళ్ల పడవలో వాటాకి వెళ్తున్నాడు. తల్లి రాసిన నూనె అతని బతుకుని కూడా తీసుకుపోయింది. అయినా ఆ తల్లి పేరు ఎవరి ముందూ ఎత్తలేదు. నాలుగేళ్లలో ఇవాళ నాకే చెబుతున్నాడట.

అప్పుడు లోపలికి వెళ్లి చూరు కింద నుంచి ఒక తెడ్డు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అన్నయ్య పూత రాసి వెళ్లాక డబ్బా అడుగున కొంచెం మిగిలితే, దాన్ని తను ఈ తెడ్డుకి రాసి చూరుకి వేలాడదీశాడు. పోలమ్మ దీన్ని ముట్టుకోలేదు. నెల ఆరింది. నాలుగేళ్ల నుంచి రోజూ సముద్రంలో దీంతోనే వేస్తున్నాడు. మామూలు తెడ్డయితే ఏడాదికే అంచు పగిలి, ఉప్పుకి పొరలు లేస్తుంది. ఇది చింతపిక్కలా నల్లగా నున్నగా ఉంది. అంచు మీద వేలు పెట్టి మొత్తం తడిమాను. ఎక్కడా ఒక్క పగులు లేదు.

"మరి ఇదైనా ఆయనకి చూపించలేదేం?" అన్నాను. ఈసారి గొంతు పెంచలేదు.

"ఇది సూపిత్తే, మరి పడవకేటైందని అడుగుతారు కదమ్మా."

అంతే. ఆ తెడ్డు ఒళ్లో పెట్టుకుని నేను ఏడ్చాను. బస్సుల్లో రైళ్లలో కొత్తవాళ్ల ముందు ఏడిచే ఆడవాళ్లని చూస్తే నాకు చిరాకు. ఆ రోజు మాత్రం ఆగలేదు. అన్నయ్య చేసింది సరిగానే ఉంది. అది ఈ ఇంట్లో, ఈ చూరు కిందే ఉంది. ఆయన వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయాడు.

నూకరాజు భార్య నెత్తళ్ల పులుసు, అన్నం పెట్టింది. మా వైపు ఏటి చేపలకి అలవాటు పడ్డ నోరు నాది. సముద్రం చేప ఉప్పగా ఉంటుందని ఎవరో చెప్పగా నమ్మాను. అబద్ధం. పచ్చి మామిడికాయ వేసి ఆవిడ చేసిన పులుసు ఇంటికొచ్చి నేను రెండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. ఇప్పుడందరూ నైలాను వలలకి మారిపోయారని, నూలు వలలకి బెరడు కాచి రంగు పట్టించే పని పోయిందని ఆవిడ చెప్పింది. ఇవి కుళ్లవు కదా అన్నాను. కుళ్లవు, తెగితే సముద్రంలోనే వదిలేస్తారు, మళ్లీ వాటికే చేపలు చుట్టుకుని చస్తాయి అంది.

బయల్దేరేటప్పుడు నూకరాజు తెడ్డు తీసుకెళ్లిపొమ్మన్నాడు. మీ అన్నగారిది అన్నాడు. వద్దన్నాను. అది సముద్రంలో ఉంటేనే అన్నయ్యది. మా ఇంట్లో గోడకి వేలాడితే వట్టి కర్ర. నువ్వు వేస్తూనే ఉండు, ఎప్పుడు పగిలితే అప్పుడు ఒక కార్డు ముక్క రాయించు అని మా అడ్రసు ఇచ్చాను. అతను ఆ కాగితం మడిచి మొలలో దోపుకుని, తలొంచుకుని అడిగాడు.

"బాబుగారు నన్ను తిట్టుకుంటారంటారా అమ్మా?"

తిట్టుకోడు అని ఒక్క మాట అంటే సరిపోయేది.  నాలుగేళ్ల కిందట నేను రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. ఇతను ఒక మాట దాచాడు, నేను ఒక మాట రాశాను. అన్నయ్య నమ్మింది నా మాటే. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, జవాబు చెప్పకుండానే వచ్చేశాను. ఈ ప్రయాణంలో నేను చేసిన పనుల్లో నన్ను ఇప్పటికీ పొడిచేది అదే.

మళ్లీ దువ్వాడ

వదినకి చెప్పాలా వద్దా అని బస్సులో అంతా ఆలోచించాను. చెబితే, ఆయన ఊరికే కుమిలిపోయాడు కదా అని ఆవిడ ఇంకా కుమిలిపోతుంది. చెప్పకపోతే నేనూ నూకరాజులా తయారవుతాను. గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూనే మొత్తం చెప్పేశాను. నూనె, పదకొండో రోజు, చూరు కింద తెడ్డు. ఒక్కటీ దాచలేదు.

వదిన మిషను ఆపి విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పోలమ్మని ఒక్క మాట అనలేదు. తన కుడిచెయ్యి తిప్పి చూసుకుని అంది.

"అయితే ఆ చేతులకి నేను అన్నం కలిపి పెట్టింది దండగ కాదన్నమాట."

ఆ తర్వాత లేచి ట్రంకు పెట్టె తెరిచి నోటుపుస్తకం తెచ్చింది. ఆఖరి పేజీ తీసి, ఆయన రాసినదాని కింద ఇది కూడా రాయమని కలం నా చేతికిచ్చింది. నేను తీసుకోలేదు. ఆ పుస్తకంలో నా రాత ఒకటి ఇప్పటికే ఉంది, అది చాలు. నువ్వే రాయి వదినా అన్నాను. వదిన నా ఉత్తరం తీసి పారేయబోతే, అక్కడే ఉంచమన్నాను.

వదిన పెద్దగా చదువుకోలేదు. పొట్టు పీట మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. తెడ్డు బాగుంది. నాలుగేళ్లయింది. రాసి, తడి ఆరేదాకా పుస్తకం మూయకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.